డాక్టర్ గారూ, మా చుక్కి మళ్లీ గెంతుతుందా?

ఈసారి ఉత్తరాల కట్టలో పిల్లులదే పైచేయి. అందులోనూ కాలు తీసేసిన పిల్లులు. కుక్కల ప్రశ్నలు వచ్చే సంచికకు దాచాను, వాటి యజమానులు కోప్పడకండి.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మేం చెన్నై పెరంబూరులో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటాం. మా చుక్కి ఆడపిల్లి, మూడేళ్లది. పావురం మీదికి దూకబోయి బాల్కనీ గోడ మీద నుంచి కింద పడింది. కుడి వెనక కాలు మోకాలి కింద నుజ్జునుజ్జయింది. కాలు తీసేసి వారం దాటింది, కుట్లు ఇంకా విప్పలేదు. దెబ్బ మోకాలి కింద తగిలితే తొడ దాకా ఎందుకు తీసేశారో ఆ కంగారులో అడగలేదు. ఇప్పుడది వాషింగ్ మెషిన్ వెనక దూరి కూర్చుంటోంది, పిలిస్తే రాదు. పెరుగన్నం పెడితే వాసన చూసి మొహం తిప్పుకుంటోంది. మా వారు దాన్ని ఎత్తుకెళ్లి లిట్టర్ ట్రేలో కూర్చోబెట్టి, మళ్లీ ఎత్తుకొచ్చి పడుకోబెడుతున్నారు. రాత్రిళ్లు మిగిలిన ఆ తొడ ముక్క టకటకా కొట్టుకుంటుంటే చూడలేకపోతున్నాను. డాక్టరిచ్చిన నొప్పి మందు అయిపోయింది, ఇంట్లో ఉన్న డోలో చిన్న ముక్క వేయొచ్చా? "ఇన్ని పాట్లు పెట్టే బదులు ఆ రోజే సూదేయించి ఉంటే దానికి విముక్తి దొరికేది" అంటున్నారు మా అత్తయ్య. మేం చేసింది తప్పా?

జవాబు: ముందు డోలో సంగతి తేల్చేద్దాం. వద్దమ్మా. చిన్న ముక్క కూడా వద్దు. డోలో, క్రోసిన్, కాల్పాల్, పేరేదైనా లోపల ఉండేది పారాసెటమాలే. దాన్ని మన కాలేయం ఒక ఎంజైమ్ సాయంతో సులువుగా వదిలించుకుంటుంది. పిల్లి కాలేయంలో ఆ ఎంజైమ్ లేదనే చెప్పాలి. బయటికి పోవలసిన మందు ఒంట్లోనే విషంగా మారి రక్తాన్ని దెబ్బతీస్తుంది, రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. చిగుళ్లు చాక్లెట్ రంగుకి తిరుగుతాయి, మొహం, పాదాలు వాస్తాయి. నాలుగు కిలోల పిల్లి ప్రాణం మీదికి రావడానికి డోలో 650లో సగం బిళ్ల చాలు. ఈ జవాబు చదివేలోపే వేసి ఉంటే పత్రిక పక్కన పడేసి ఆస్పత్రికి పరుగెత్తండి. దీనికి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, కానీ ఎంత ఆలస్యమైతే దాని ఫలితం అంత తగ్గిపోతుంది. బ్రూఫెన్, ఆస్పిరిన్ కూడా ఇంట్లో తోచినట్టు వేసేవి కావు. పక్కింటి కుక్కకి రాసిన మెలాక్సికామ్ అనే నొప్పి మందు సీసా ఉందని ఎవరైనా ఇస్తే దండం పెట్టి వెనక్కి ఇచ్చేయండి. పిల్లికి దాని మోతాదు వేరు. పైగా తిండీ నీళ్లూ సరిగ్గా లేని పిల్లికి అది వేస్తే కిడ్నీలు పాడవుతాయి.

ఆ ఎంజైమ్ గొడవే డెటాల్‌కీ, నేల తుడిచే ఫినాయిల్‌కీ వర్తిస్తుంది. పిల్లి నడిచే గదిని ఫినాయిల్‌తో తుడిస్తే అది పాదాలు నాక్కుంటుంది, ఆ మందు కడుపులోకి పోతుంది. ఈ రెండు వారాలూ ఉత్త నీళ్లతో తుడవండి. కుట్ల మీద పసుపు, కొబ్బరి నూనె, స్పిరిట్ ఏదీ పూయొద్దు. పొడిగా ఉంచడమే దానికి వైద్యం.

నొప్పి మందు సీసా ఖాళీ అయినంత మాత్రాన నొప్పి తగ్గిపోయినట్టు కాదు. చుక్కికి ఇప్పుడు నొప్పి ఉందని మీ ఉత్తరమే చెబుతోంది. మూల దూరడం, తినకపోవడం, పిలిస్తే రాకపోవడం ఆ గుర్తులే. పిల్లి మూలుగుతుందని ఎదురుచూడకండి, అది నొప్పిని దాచుకునే జంతువు. దాని మొహం చూడండి. కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు 2019లో దీనికో కొలత తయారుచేశారు. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల, ఈ ఐదింటికీ ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా మార్కులు. చెవులు పక్కలకి వాలి ఒకదానికొకటి దూరం జరిగాయా? కళ్లు సగం మూసినట్టు బిగిశాయా? మూతి బిగిసి గుండ్రం తగ్గిందా? వంపు తిరిగి ఉండాల్సిన మీసాలు నిటారుగా ముందుకు వచ్చాయా? తల భుజాల కంటే కిందికి దించి కూర్చుందా? మొత్తం పదిలో నాలుగు, ఆపైన వస్తే నొప్పి మందు గురించి ఆలోచించాల్సిందే. నిద్రపోతున్నప్పుడో తింటున్నప్పుడో కాదు, ఊరికే కూర్చున్నప్పుడు దూరం నుంచి చూసి, ఫోన్‌లో ఒక ఫొటో తీసి, ఆపరేషన్ చేసిన డాక్టర్‌కి ఈ రోజే పంపండి. ఇంకొన్నాళ్లకి మందు రాసివ్వమని మొహమాటం లేకుండా అడగండి. నా అనుభవంలో కాలు తీసిన పిల్లి కోలుకోవడం ఆలస్యమైతే, చాలాసార్లు దానికి కారణం కాలు కాదు, మధ్యలో ఆపేసిన నొప్పి మందు.

తిండి గురించి నాకు ఎక్కువ భయంగా ఉంది. పిల్లి రెండు రోజులు ఏమీ ముట్టకపోతే ఒంట్లోని కొవ్వు కదిలి కాలేయంలో పేరుకుంటుంది. ఒళ్లున్న పిల్లికి ఆ ముప్పు మరీ ఎక్కువ. పచ్చకామెర్లు వస్తే ముక్కులోంచి గొట్టం వేసి తినిపించాల్సి వస్తుంది. చుక్కి కొంచెమైనా తింటోందా, అసలు తినడం లేదా అన్నది మీరు రాయలేదు. రెండోదే అయితే రేపటి దాకా ఆగొద్దు.

పెరుగన్నం మాట చూసి మీది శాకాహారపు ఇల్లేమో అనుకున్నాను. మీ ఇష్టాన్ని తప్పుపట్టను, కానీ పిల్లికి ఆ స్వేచ్ఛ లేదు. దానికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం మాంసంలో, చేపల్లోనే ఉంటుంది. అది చాలకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. గాయం మానాల్సిన సమయంలో మాంసకృత్తులు మామూలు కంటే ఎక్కువ కావాలి. వంటింట్లోకి తేవడం అత్తయ్యగారికి ఇబ్బంది అయితే పిల్లుల కోసం అమ్మే తడి ఆహారం పౌచ్‌లు తెచ్చుకోండి. పౌచ్‌ని వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి, గోరువెచ్చగా అయ్యాక బాల్కనీ పక్క గదిలో పెట్టండి. వెచ్చబడితే వాసన లేస్తుంది, పిల్లి తినేది ముక్కుతోనే. మీ ఇంట్లో అభ్యంతరం లేకపోతే ముళ్లు తీసిన మత్తి చేపో, ఉడికించిన చికెనో పెట్టండి. ఉప్పు, మసాలా వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి పిల్లి రక్తకణాలను విరిచేస్తాయి. ఇంకో చిన్న విషయం: మెడకి కట్టిన కోన్ గిన్నె అంచుకి తగులుతుంటే అది తినలేదు. అన్నం గిన్నె తీసేసి పళ్లెంలో పెట్టండి. మీరు పక్కనే కూర్చుని చూస్తానంటే తినేంతసేపు కోన్ విప్పొచ్చు, తిన్న వెంటనే మళ్లీ పెట్టాలి. గరుకు నాలుకతో ఒక్క పూట నాకితే కుట్లు ఊడతాయి.

ఇక తొడ దాకా ఎందుకు తీశారన్నది. ఇది చాలామంది అడుగుతారు, కొందరు డాక్టర్‌ని అనుమానిస్తారు కూడా. మోకాలి కింద కొంచెం మిగిల్చి ఆపితే, పిల్లి ఆ ముక్కని కాలనుకుని నేల మీద ఆనిస్తుంది. పాదం కింద ఉండే మెత్త అక్కడ ఉండదు, ఎముక మీద పల్చటి చర్మమే. నెలకో పుండు పడుతుంది, ప్రతి కుర్చీ కాలికీ తగులుతుంది. అందుకే వెనక కాలైతే తొడ ఎముక మధ్యలోనో పైభాగంలోనో, లేదా తుంటి కీలు దగ్గరో తీసి, కండతో కప్పి కుడతారు. మీ డాక్టర్ చేసింది సరైన పనే.

ఆ తొడ ముక్క టకటకా కొట్టుకోవడం ఎప్పుడు జరుగుతోందో గమనించండి. తల కుడివైపు వంచి, కళ్లు సగం మూసినప్పుడు కొట్టుకుంటే అది చెవి గోక్కుంటోంది! కుడి చెవిని గోకే కాలు పోయింది, గోకమనే ఆజ్ఞ మాత్రం వెళ్తూనే ఉంది. అప్పుడు మీరు వేలితో ఆ చెవి వెనక గోకండి, తల మీ చేతికేసి నొక్కుతుంది. ఈ సేవ జీవితాంతం మీదే. ఆ చెవిలో గులిమి పేరుకుందేమో అప్పుడప్పుడూ చూస్తుండండి. అలా కాకుండా, నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, గాయం వైపు తిరిగి కొరకబోయి, ఎవరో తరిమినట్టు పరుగెడితే అది నరాల నొప్పి. కాలు పోయినా, తెగిన నరం ఆ కాలి నుంచే వస్తున్నట్టు నొప్పి కబురు పంపుతోందన్నమాట. దానికి గాబాపెంటిన్ లాంటి వేరే మందులున్నాయి. రెండింటిలో ఏదో మాటల్లో చెప్పడం కష్టం, వీడియో తీసి చూపించండి.

మీ వారికి ఒక మాట. బాబూ, ఎత్తుకోవడం ఆపండి. ప్రేమే, కాదనను. కానీ నిలబడినప్పుడు పిల్లి బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ల మీదే ఉంటుంది. వెనక కాలు ఒకటి పోతే మిగిలిన కాలిని అది నెమ్మదిగా ఒంటి మధ్యకి జరుపుకుని, తోకతో తూకం సరిచూసుకుంటుంది. నడిచి నడిచి నేర్చుకోవాల్సిన పని అది, మీ చేతుల్లో ఉంటే నేర్చుకోదు. పైగా కడుపు కింద చెయ్యేసి ఎత్తితే కుట్లు లాగుతాయి.

దానికి కష్టం నడక కాదు, మీ ఫ్లాట్ నేల. చెన్నైలో ఈ మధ్య కట్టిన ఏ ఫ్లాట్‌కి వెళ్లినా అద్దంలా మెరిసే టైల్సే. ఒక్క వెనక కాలితో తోసినప్పుడు ఆ కాలు జారితే పిల్లి ధబ్బున కుట్ల మీదే కూర్చుంటుంది. నాలుగుసార్లు అలా పడ్డాక కదలడమే మానేస్తుంది, మనమేమో దిగులు పడిందనుకుంటాం. పాత యోగా మ్యాట్ ఒకటి నిలువుగా రెండు ముక్కలు కోసి, పడక నుంచి పళ్లెం దాకా, పడక నుంచి ట్రే దాకా బాటలా పరవండి. అడుగున రబ్బరున్న కాలిపట్టాలైనా సరే. ఉత్త గోనె సంచి, చాప వేస్తే వాటితో సహా జారుతుంది. కుట్లు విప్పేదాకా, అంటే ఆపరేషన్ నుంచి పది, పద్నాలుగు రోజులు, ఒకే గదిలో ఉంచండి. టీవీ లేని గదైతే మేలు. వాషింగ్ మెషిన్ వెనక సందు మూసేసి, బదులుగా ఒక అట్టపెట్టెకి పక్క గోడ కోసి, పాత చీర పరచి పెట్టండి. దాక్కోవడానికి చోటు దానికి కావాలి, మీ చెయ్యి అందే చోటైతే చాలు.

ట్రే అంచు ఎత్తుగా ఉంటే ఒంటి కాలితో దాటలేదు. పెద్ద పూలకుండీల కింద పెట్టే పల్లపు ట్రే తెచ్చి, కుట్లు విప్పేదాకా మట్టికి బదులు చింపిన న్యూస్‌పేపర్ వేయండి. ఇసుక లాంటిది కుట్లకి అంటుకుంటుంది. ట్రేని గోడ మూలకి ఆనిస్తే కూర్చున్నప్పుడు ఒళ్లు వాల్చుకోవడానికి వీలు. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు విరేచనం కాకపోవడం మామూలే, ఇప్పటికీ కాకపోతే చెప్పాలి. మూత్రం ఒక రోజు ఆగినా అత్యవసరమే. గాయం కింద మెత్తగా నీరు చేరినట్టు ఉబ్బితే నొక్కొద్దు, పొడవొద్దు, చూపించండి. వాసన, చీము, కుట్టు విడిపోవడం కనిపిస్తే అదే రోజు వెళ్లాలి.

గెంతుతుందా అంటే, గెంతుతుంది. పైకి ఎగరడానికి బలం ఇచ్చేవి వెనక కాళ్లు, కాబట్టి మునుపటంత ఎత్తు ఒక్క ఊపులో రాదు. మా క్లినిక్‌లో గోవిందు అని ఒకడున్నాడు, వాడికీ కుడి వెనక కాలు లేదు. మందుల ఫ్రిజ్ మీద పడుకోవడం వాడి హక్కు. ముందు స్టూలు దగ్గర ఆగి, పైకి చూసి, పిర్రలు రెండుసార్లు ఊపుతాడు. స్టూలు ఎక్కుతాడు. అక్కడి నుంచి ముందు గోళ్లు బల్ల అంచుకి తగిలించి ఒళ్లంతా చేతులతో పైకి లాక్కుంటాడు. చివరి అంగ ఫ్రిజ్ మీదికి. అందుకే చుక్కి ముందు గోళ్లని మరీ పొట్టిగా కత్తిరించకండి, ఇక అవే దాని నిచ్చెన. కుట్లు విప్పి, డాక్టర్ సరే అన్నాక సోఫా పక్కన ఒక పీట, కిటికీ పక్కన ఒక స్టూలు పెట్టి వదిలేయండి. ఒకటి రెండు నెలల్లో తన దారులు తనే వేసుకుంటుంది.

బరువు మాత్రం పెరగనివ్వకూడదు. నాలుగు కిలోల పిల్లి ఐదు కిలోలైతే మిగిలిన ఒక్క వెనక కాలి మోకాలికీ తుంటికీ ఆ భారం ముసలితనంలో కీళ్లనొప్పిగా తిరిగొస్తుంది. జాలితో పెట్టే అదనపు ముద్దలు ఇంటిల్లిపాదీ మానుకోవాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఇంకా చేయించకపోతే, పూర్తిగా కోలుకున్నాక అదీ చేయించండి. ఆ తర్వాత ఒళ్లు ఇంకా తొందరగా వస్తుంది, గుర్తుంచుకోండి.

అత్తయ్యగారి మీద కోపం తెచ్చుకోకండి. ఆవిడ వయసు వాళ్లు చూసిన కుంటి జంతువులకి మత్తుమందూ లేదు, నొప్పి మందూ లేదు, పుండు మానకుండానే తిరిగేవి. వెన్నెముక విరిగి, వెనక భాగంలో స్పర్శ పోయి, మూత్రం మీద పట్టు తప్పి ఉంటే నేనూ ఆవిడ మాటే అనేదాన్ని. చుక్కికి పోయింది ఒక కాలు. నొప్పి తీసేసి, జారని నేల ఇస్తే అది తన పాత బతుక్కి వచ్చేస్తుంది, మీరే చూస్తారు. ఆవిడని కుడి చెవి గోకే డ్యూటీలో వేయండి. నా మాట నమ్మండి, నెల తిరక్కుండా ఆ పిల్లి ఆవిడ ఒళ్లోనే ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, నేను వ్యాసర్పాడిలో ఉంటాను, కాలేజీ స్టూడెంట్‌ని. మా పిల్లికి ఎడమ ముందు కాలు తీసేశారు, గాయం మానిపోయింది. మంచం మీంచి దూకినప్పుడల్లా గడ్డం నేలకి కొట్టుకుంటోంది. కృత్రిమ కాలు పెట్టించవచ్చా? ఎంతైనా సర్దుకుంటాను.

జవాబు: డబ్బు దాచుకో నాయనా. కృత్రిమ కాలు తొడగాలంటే పట్టుకోవడానికి కొంత కాలు మిగలాలి. ముందు కాలు తీసేటప్పుడు సాధారణంగా భుజం రెక్క ఎముకతో సహా తీసేస్తారు, ఇక తొడిగేది దేనికి? నువ్వు ఇంగ్లాండ్‌లో ఆపరేషన్ చేసిన పిల్లి వార్త ఎక్కడో చూసుంటావు. నోయెల్ ఫిట్జ్‌పాట్రిక్ అనే వెటర్నరీ సర్జన్ ఆస్కార్ అనే పిల్లికి ఎముకలోకే లోహపు కడ్డీలు దించి పాదాలు అమర్చాడు, 2010లో అది ప్రపంచమంతా వార్త అయింది. కానీ కోత యంత్రం కింద పడి ఆ పిల్లికి వెనక పాదాలు రెండూ పోయాయి. ఒక్క కాలు పోయిన పిల్లికి అంత తంటా అక్కర్లేదు.

నీ పిల్లి ఇబ్బంది వేరు. దూకినప్పుడు ఒళ్లు ఆనేది ముందు కాళ్ల మీద, ఇప్పుడా దెబ్బంతా ఒక్క మణికట్టు కాస్తోంది. కాబట్టి చుక్కికి ఎక్కడానికి మెట్టు కావాలి, నీదానికి దిగడానికి. మంచం పక్కన ఒక పీట, పీట ముందు జారని మందపాటి పట్టా వెయ్యి. బీరువా లాంటి ఎత్తులకి దారి మూసెయ్యి. ఎడమ చెంప, ఎడమ కన్ను కడుక్కునే చెయ్యి అదే కాబట్టి గోరువెచ్చని నీళ్లలో తడిపిన దూదితో నువ్వు తుడుస్తుండు. మణికట్టు వాచినా, ఆ పాదం వంకర తిరుగుతున్నట్టు అనిపించినా వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి మీకు దగ్గరే, 1903 నుంచి ఉన్న కాలేజీ అది. పొద్దున్నే వెళ్లు, క్యూ ఉంటుంది.

ప్రశ్న: చూళైమేడులో మా వీధి పిల్లికి బండి తగిలితే అందరం చందా వేసుకుని కాలు తీయించాం. ఇప్పుడు హుషారుగా ఉంది. మళ్లీ వీధిలో వదిలేయొచ్చా?

జవాబు: మీ వీధికి నమస్కారం. మూడు కాళ్లతో వీధిలో బతికే పిల్లులు ఉన్నాయి, కానీ కుక్కల గుంపు తరిమితే గోడ ఎక్కడానికి ఒక్క క్షణం ఆలస్యమైనా కష్టమే. ముందు ఇల్లు దొరుకుతుందేమో చూడండి. దొరక్కపోతే, బొచ్చు పూర్తిగా పెరిగి, పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ రేబిస్ టీకా అయ్యాక, అది పుట్టి పెరిగిన చోటే వదలండి. కొత్త చోట అసలొద్దు. తక్కువ ఎత్తు గోడ, దూరడానికి ఒక సందు, రోజూ ఒకే వేళకి తిండి పెట్టే మనిషి, ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. వదిలేది దీపావళి టపాసులు పూర్తిగా ఆగాకే.

ప్రశ్న: పిల్లి ఎంత ఎత్తు నుంచి పడ్డా కాళ్ల మీదే వాలుతుందంటారు కదా, బాల్కనీకి వల అవసరమా? మాది ఐదో అంతస్తు.

జవాబు: కాళ్ల మీద వాలుతుంది, ఆ కాళ్లే విరుగుతాయి. పైన చుక్కి కథ చదివారుగా. న్యూయార్క్‌లో ఎత్తైన భవనాల నుంచి పడి ఆస్పత్రికి వచ్చిన 132 పిల్లుల లెక్క 1987లో అచ్చయింది. వైద్యం అందిన వాటిలో 90 శాతం బతికాయి, కానీ ఊపిరితిత్తులు నలిగి, దవడలు పగిలి, కాళ్లు విరిగి వచ్చినవి అందులో బోలెడు. పడిన చోటే చచ్చిపోయి ఆస్పత్రి దాకా రానివి ఆ లెక్కలో లేనే లేవు.

పావురాల కోసం కట్టే పల్చటి వలని పిల్లి కొరికేస్తుంది. మందమైన నైలాన్ వల, నాలుగు పక్కలా బిగించిన తీగకి ముడివేసి కట్టించండి, కింద అంచు దగ్గర తల దూరేంత సందు మిగలకూడదు. వంటింటి కిటికీకి దోమల జాలీ ఉందని ధీమా వద్దు, పిల్లి ఒరిగితే అది ఫ్రేములోంచి ఊడొస్తుంది. వల కట్టే మనిషి వచ్చేదాకా బాల్కనీ తలుపు వేసే ఉంచండి.